గుహల ఆట, మా వదిన, నేను

మా అన్న పెళ్లయ్యేదాకా కామాటిపురలో ఒంటిగది ఇళ్లు వరసగా ఉండే మా చాల్ రెండో అంతస్తులో కథలు చెప్పేదాన్ని నేనే. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని గదుల ముందరి గ్యాలరీలో బీడీలు చుట్టేవాళ్లు. చేతులకు తీరిక ఉండదు గానీ చెవులు ఖాళీయే. నేనప్పుడు తొమ్మిదో తరగతి. విన్నవీ చదివినవీ కలిపి అల్లేసి, రాజును చంపాలో బతికించాలో నా ఇష్టప్రకారం చెప్పేదాన్ని. నడుమ నీళ్లకోసం లేస్తే "తర్వాత ఏమైందే?" అని వెనకనుంచి కేకేసేవాళ్లు. ఆ కేక వినడానికే ఒక్కోసారి దాహం లేకున్నా లేచేదాన్ని.

అంతలో వదిన వచ్చింది. ఆమెదీ బొంబాయే. తండ్రి ఒక విదేశీ కుటుంబం ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటి పిల్లలకు ఒక ఆట ఉండేది. మనుషులు చాలక వంటాయన కూతురినీ కూర్చోబెట్టుకునేవాళ్లు. వాళ్లు దేశం వదిలి వెళ్తూ ఆ ఆట పెట్టెను, దాని గురించి వచ్చే పత్రికలు కొన్నిటిని ఆమెకే ఇచ్చేశారు. పెళ్లి ట్రంకులో చీరల కింద పెట్టుకుని తెచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం గ్యాలరీలో ఆ పెట్టె విప్పింది. రెండు పలచటి పుస్తకాలు, నాలుగు పలకల పాచిక, ఎనిమిది పలకలది, ఇరవై పలకలది. అంకెలు కనబడాలని వాటి గీతల్లో మైనం రంగు రుద్ది ఉంది. ఆట చాలా సులువు. వదిన ఒక లోకాన్ని చెబుతుంది. తక్కినవాళ్లు అందులో ఒక్కో మనిషి అవుతారు. ఎదురైనదాన్ని బట్టి ఏం చేస్తారో వాళ్లే చెప్పాలి. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఇంగ్లీషు పేరు ఎవరి నోటా తిరగక అందరూ గుహల ఆట అన్నారు.

ఆ ఆటకు అందరికంటే ముందు పడిపోయింది ఎదురు ఖోలీలో, అదే ఎదురు గదిలో, ఉండే అవ్వ. పాలమూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇటుకలు మోసిన మనిషి. ఆటలో దొంగ అయింది.

"అవ్వా, గుహ ముందర రాక్షసుడు నిలబడ్డడు. ఏం చేస్తవ్?" అంది వదిన.

"ఏం చేస్త? కొంగుల సున్నం ఉంది. కండ్లల్ల కొడ్త."

సున్నం సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. అయినా వదిన క్షణం ఆలోచించి పాచిక చేతికిచ్చింది. పదిహేడు పడింది, రాక్షసుడి కళ్లు పోయాయి. గ్యాలరీ అంతా గొల్లున నవ్వింది. బీడీ చాటలు పక్కన పెట్టేశారు. నా కథలకు ఎవరూ చాట పక్కన పెట్టలేదు.

ఆట లేని రోజు పత్రికల్లోని వార్తలు చెప్పేది వదిన. ఆ విదేశంలో ఆట పుస్తకాలు మళ్లీ కొత్తగా రాస్తున్నారట. చుక్కల మధ్య తిరిగే ఆట కూడా వచ్చిందట. హాలు నిండా జనం చేరి రెండు రోజులు ఇదే ఆడతారట.

"ఆడోళ్లు కూడ ఆడ్తరా?" అంది అవ్వ.

"తక్కువేనంట."

"ఇక్కడ అందరం ఆడోళ్లమే గద. వాళ్లకొక చిట్ఠీ రాయి."

నవ్వులో అందరితోపాటు నేనూ పళ్లు బయటపెట్టాను. నవ్వు మాత్రం రాలేదు. వదిన ఒక్కసారి నన్ను చులకన చేసి ఉంటే ఎంత హాయిగా ఉండేది! చెయ్యలేదు. నా జడ తనే వేసేది, కూర అడుగంటితే ఆ భాగం తను తినేది. తిట్టడానికి కారణం దొరక్క నా ఈర్ష్య ఇంకా పెరిగింది. నన్ను ఆడమని రోజూ పిలిచేది. చదువుకోవాలని చెప్పి గది తలుపు వెనక కూర్చుని ప్రతి మాటా వినేదాన్ని.

ఒకరోజు ఆమె బట్టలు ఉతకడానికి కిందికి వెళ్లినప్పుడు పత్రికల్లో పైన ఉన్నదాన్ని తీసి, నాకొచ్చిన ఇంగ్లీషుతో మెట్లమీద కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను. ఒక పేజీలో ఆ దేశపు తల్లుల భయం గురించి ఉంది. ఈ ఆట ఆడితే దయ్యాలు పడతాయని, పిల్లలు చెడిపోతారని వాళ్లు గొడవ చేస్తున్నారట. మిగతా పేజీ కూడా చదివాను. నాకు కావలసింది మాత్రం మొదటి సగమే.

వదినకు అప్పుడు మూడో నెల. అది తెలిసే అమ్మ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఈ ఆట దయ్యాలను పిలుస్తదంట. పేపర్ల రాసిండ్రు."

అమ్మ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. పెట్టె అదే పూట అటక ఎక్కింది. "కడుపుతోని ఉన్న పిల్లవు, బస్, ఇంక వద్దు" అంది వదినతో. వదిన నన్ను ఒకసారి చూసింది. పత్రిక ఆమె ముందే చదివి ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. అయినా మిగతా సగం సంగతి అమ్మకు చెప్పకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గ్యాలరీ నాదైంది. కథ వద్దు, ఆటే కావాలన్నారు. సరే, పెట్టె ముట్టకుంటే దయ్యాలు రావని చెప్పి, పాచికలు లేకుండా నేనే నడిపిస్తానన్నాను. కోట చెప్పాను, ఇనుప తలుపు చెప్పాను, లోపల బందీగా ఉన్న రాణిని చెప్పాను.

"తలుపు నేను ముట్ట. గోడ పగలగొడ్త" అంది అవ్వ. "గోడలు కట్టిన చేతులివి. యాడ బోలు ఉంటదో నాకెరుక."

"అట్ల కాదవ్వా, తలుపులకెంచే పోవాలె."

"పక్కకు జరిగి చూస్త."

"పక్కన ఏం లేదు!"

అవ్వ చేతిలోని తునికాకు చాటలో పడేసింది. "అరే, మరి నన్నెందుకడిగినవే? నువ్వే పో లోపటికి." చాట ఎత్తుకుని తన ఖోలీలోకి వెళ్లిపోయింది. తక్కినవాళ్లు తలలు వంచుకుని బీడీలు చుట్టుకున్నారు. నేను నీళ్లకు లేచాను. వెనకనుంచి ఏ కేకా రాలేదు.

సాయంత్రం అవ్వ నేరుగా అమ్మ దగ్గరికి వచ్చింది. "నా దొంగ గుహల నిలబడే ఉంది. పేపర్ల ఏం రాసిండ్రో మొత్తం నీ బిడ్డతోని చదివిపియ్యి."

అమ్మ పత్రిక నా చేతికిచ్చింది. వదిన పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఏదో కల్పించి చెప్పొచ్చు, అమ్మకూ అవ్వకూ ఇంగ్లీషు రాదు. వదినకు వచ్చు. రెండో సగం తెలుగులో చెప్పాను. ఆ భయాలు ఉత్తవని, పిల్లలు ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారంతేనని, కావాలంటే తల్లులే వచ్చి పక్కన కూర్చుని చూడొచ్చని.

"ఇదంత నిన్న ఎందుకు చెప్పలే?" అంది అమ్మ.

నేను పత్రిక మడత పెట్టాను. అమ్మ దాన్ని లాక్కుని, స్టూలు వేసుకుని తనే అటక మీది పెట్టె దించింది.

నేను నీళ్ల బిందె దగ్గర ఒక్కదాన్నే ఉన్నప్పుడు వదిన వచ్చింది. "కథ మంచిగ చెప్తవ్ పిల్లా. యాడ ఆపాలెనో కూడ నీకు మస్తు తెల్సు" అంది. అన్నకు కూడా చెప్పలేదు. ఆ రెండు మాటలకే చాలా రోజులు ఆమె జడ వేస్తుంటే తల ఎత్తలేకపోయాను.

తర్వాత నేనూ ఆటలో కూర్చున్నాను. ఈర్ష్య పోయిందని చెప్పను. దగ్గరనుంచి చూస్తే మరీ ఎక్కువైంది. వదిన ఎవరో వారం కిందట అన్న మాటను గుర్తుపెట్టుకుని, దాన్నే ఇవాళ్టి మలుపుగా చేసేది. నేను నా మాటలు తప్ప ఎవరివీ గుర్తుపెట్టుకోలేదని అక్కడే తెలిసింది.

పాప పుట్టిన ఏడాదికి అన్నవాళ్లు వేరే ఊళ్లో పనికి వెళ్లారు. పెట్టె వదినతోపాటే పోయింది. అవ్వ బలవంతం మీద, పాచికలకు బదులు చీటీలమీద అంకెలు రాసి నేను ఆట నడిపాను. ఈసారి అడిగి, ఆగి, విన్నాను. అవ్వ గోడలు పగలగొట్టింది, నేను పగలనిచ్చాను. బాగుందనే అన్నారు. వదినలా ఉందని మాత్రం ఒక్కరూ అనలేదు. అంటారేమోనని ప్రతి ఆట చివరా చీటీలు ఏరుకుంటూ కాసేపు అక్కడే తచ్చాడేదాన్ని.