లప్పం పెట్టిన సముద్రం

మా పెదనాన్న రంగేసిన గోడ ఎక్కితే చీమైనా జారిపడాల్సిందే. ఊరంతా ఆయన్ని నున్నాయన అనేవారు. ఎక్కడైనా కుంచె గీత కనిపించిందా, గోడంతా గీకి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇంటివాళ్లు దండం పెట్టి, ఇక మమ్మల్ని కాపురం చేసుకోనివ్వు బాబూ అని బతిమాలేవారట.

ఇంతటి ఘనుడు పెద్దమ్మకు సముద్రం మాత్రం చూపించలేకపోయాడు. పెళ్లినాటి మాట అది. ఏటా ఏదో ఒక గోడ అడ్డం వచ్చేది. తీరిక దొరికేసరికి ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. వంటింటిదాకా వెళ్లడమే ఒక యాత్ర అయింది. అప్పుడు పెదనాన్నకు జ్ఞానోదయమై, మంచం పక్క గోడ మీద సముద్రం వేస్తానన్నాడు. అరచేతిలో వైకుంఠం చూపించడం ఆయనకు కొత్తేం కాదు గనక పెద్దమ్మ సరే కానివ్వమంది.

ఫోన్లో వీడియోలు చూసి అలలు నేర్చుకోసాగాడు. వీడియోలో అమ్మాయి రంగును మందంగా అద్ది, గరుకుగా వదిలేయమంటుంది. ఈయన అద్దేవాడు. వెనక్కి జరిగి చూస్తే గోడ మీద గడ్డ కనిపించేది. ప్రాణం ఒప్పేది కాదు. లప్పం రేకుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, నున్నగా చేసేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. గోడ నిండా నీలమే, అల ఒక్కటీ లేదు.

స్నానాలగదికైతే బ్రహ్మాండంగా ఉంటుందని పెద్దమ్మ మెచ్చుకుంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఈ జన్మకు తన సముద్రం ఇంతేనని ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన నురుగు కోసమని తెలుపు పూసి, అది ఆరాక దాని మీద మందంగా నీలం వేశాడు. నీలం ఆరకముందే పెద్దమ్మ మంచినీళ్ల కోసం లేచి, తూలి, గోడకు చెయ్యి ఆనించింది. అరచెయ్యి జర్రున జారింది. నీలం ఒక పక్కకు పోగై, అంచు అచ్చం అలలా లేచి వంగింది. కింది తెలుపు బయటపడింది.

పెదనాన్న ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. ఆమాత్రం ఇంగితం ఉంది. ఆ తర్వాత అలవాటు చొప్పున లప్పం రేకు అందుకున్నాడు.

"దాన్ని ముట్టుకున్నారంటే ఇక మీకూ నాకూ మాటల్లేవు," అంది పెద్దమ్మ.

రేకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అంత గడ్డను గోడ మీద వదిలేయడం ఆయనకెంత నరకమో నాకు తెలుసు, జాలేసింది. చివరికి రేకు కిటికీలో పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమే, ఇంకోసారి లేవగలవా?"

నాలుగడుగులు నడవమని డాక్టరు మొత్తుకున్నా వినని మనిషి, మారుమాట లేకుండా లేచింది. ఆయన ముందు రంగు పూస్తూ పోయాడు. ఆవిడ రెండు చేతులూ గోడకు ఆనించి, ఆయన వెనకే గది ఆ చివరిదాకా నడిచింది.