ఎడమ చెయ్యి అక్కర్లేని వెల్డింగ్

మా బావమరిది ఎడమ చేతిలో డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి వేడి తగలకూడదు అన్నారు డాక్టర్లు. మా ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. వెల్డరుకి ఎడమ చెయ్యి పోవడమంటే ఏమిటో మాత్రం చెప్పాలి. టిగ్ వెల్డింగులో కుడిచేత్తో టార్చి పట్టుకుని ఇనుమును కరిగిస్తారు, కరిగిన చోటికి ఎడమచేత్తో తీగను కొద్దికొద్దిగా అందిస్తారు. ఒక చెయ్యి లేకపోతే పనే లేదు.

కాశీబుగ్గలో అతని షెడ్డుకి జీడి పరిశ్రమల నుంచి పిక్కలు ఉడికించే ఆవిరి డ్రమ్ములు అతుకులకి వస్తుంటాయి.

"బావా, ఈ పని కూడా పోనాదంటే నాను ఉత్త రోగిష్టోడిని. ఇంకేటి మిగుల్తాది?" అన్నాడు.

నేను కర్మాగారంలో మరమ్మతుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తీగను ముందే వేడిచేసి, దానంతటదే టార్చి దగ్గరికి అందించే యంత్రాన్ని అక్కడ చూశాను. వేడి తీగ త్వరగా కరుగుతుంది, అతుకు నిండుగా వస్తుంది, ఎడమ చేతితో పని ఉండదు. అలాంటిది ఇంట్లో చేద్దామనుకున్నాను. తీగ చుట్టను తిప్పడానికి పాత కారు వైపర్ మోటారు, వేడి చెయ్యడానికి పాడైన ఇన్వర్టరులోని ట్రాన్స్‌ఫార్మరు, టార్చికి బిగించిన రాగి గొట్టం. ఏ వేగానికి అతుకు ఎలా వచ్చిందో రోజూ డైరీలో రాసేవాణ్ణి.

"ఏటి బావా, నాను తుమ్మినా రాత్తన్నావా?" అని ఎగతాళి చేసేవాడు.

తీగ అందుతోంది, కరుగుతోంది. కానీ అతుకు నిండా సూదిమొన అంత చిల్లులు. గాలిలో తేమ అనుకుని వేడి పెంచాను. అప్పుడు తీగ నుంచి సన్నగా పొగ లేచింది. కాగిన కొబ్బరినూనె వాసన.

మా ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కత్తిపీటైనా, గునపమైనా కొబ్బరినూనె గుడ్డతో తుడిచి దాచడం ఇక్కడ ఇంటింటి అలవాటు. అతని భార్య సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు తీగ చుట్టను కూడా అలాగే తుడిచేది. ఆ నూనె పొగే అతుకులో చిల్లులు చేస్తోంది.

"తుప్పట్టీకుండా నానే రాసినాను అన్నయ్యా. అది కూడా తప్పేనేటి?"

"నీ జుట్టుకి రాసుకోవే! నా తీగకేటి జడెయ్యాలా?" అన్నాడు మావాడు. చాలా నెలల తర్వాత ఆ షెడ్డులో ముగ్గురం నవ్వాం.

తీగను థిన్నరుతో కడిగి మళ్ళీ పెట్టాం. ఈసారి అతుకు చేప పొలుసులు పేర్చినట్టు వచ్చింది. ఎక్కడా చిల్లు లేదు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో చేశాడు. ముఖానికి అడ్డం పెట్టుకున్న వెల్డింగు అద్దం ఎత్తి నావైపు చూశాడు. ఆ చూపు చూసి, ఇక పని పోదని నేను కూడా నమ్మాను.

కొన్ని వారాలకి కుడిచెయ్యి వణకడం మొదలైంది. గొట్టం, దాని వైరు కలిసి టార్చి బరువెక్కింది. ఎడమ చేతి నుంచి తీసిన పనిని నేను కుడిచేతి మీద పెట్టాను. స్ప్రింగు కట్టి టార్చిని పైకప్పుకి వేలాడదీశాను. బరువు తగ్గింది, వణుకు తగ్గలేదు. అది నా యంత్రం వల్ల వచ్చింది కాదు, రక్తంలోంచి వచ్చింది. దానికి నా దగ్గర ఏ స్ప్రింగూ లేదు.

ఒక డ్రమ్ము అతుకు సగానికి వచ్చేసరికి టార్చి వదిలేశాడు. చెయ్యి మోకాలి మీద పడిపోయింది. చాలాసేపు అద్దం తియ్యలేదు.

"బావా, ఇంక సాలు. ఇప్పేయ్ నీ గొట్టాలు."

డ్రమ్ము యజమాని మంచివాడు. విసుక్కోకుండా బండి తెచ్చి, టెక్కలిలో ఇంకొకరి చేత పూర్తి చేయించుకుంటానన్నాడు. బండి కదులుతుంటే మావాడు గుమ్మం దాకా వచ్చాడు.

"బాబూ, నా సగం జోలికెల్లొద్దని సెప్పండి. అది బాగుంది."

తర్వాత నేను పనిమీద ఆ జీడి పరిశ్రమకి వెళ్ళాను. డ్రమ్ము పొయ్యి మీద ఉంది. అతుకు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంది. టెక్కలి ఆయన పాత సగాన్ని కూడా గ్రైండరుతో తీసేసి మళ్ళీ వేశాడు. ఆయన తప్పేమీ లేదు. సగం వదిలేసిన అతుకును ఏ వెల్డరూ నమ్మడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

డయాలసిస్ రోజున ఆటోలో అతని పక్కనే కూర్చుంటాను.

"నా సగం ఉందా బావా? సూసినావా?" అని అడుగుతాడు.

"ఉంది," అంటాను.

"ఒక్క సుక్కైనా కారతందా?"

"లేదు."

తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటాడు.