కార్డు మనిషి

ప్రత్యేక రాష్ట్రం రాకముందు ఓ వేసవిలో, బంధువును చూడటానికి గోదావరిఖనిలో ఆసుపత్రికి వెళ్లాను. మిత్రుడి స్కూటరు అడిగి తీసుకున్నాను. ఆయన గనిలో కాలు పోగొట్టుకున్నవాడు కాబట్టి బండికి వెనక అదనంగా రెండు చక్రాలు, ముందు వికలాంగుల కార్డు ఉన్నాయి. గేటు పక్కన రేకుల నీడలో అలాంటి బండ్లకు వదిలిన జాగాలో ఒక్కదానికే చోటు మిగిలింది. అందులో ఆపాను.

కాపలా మనిషి కుర్చీలోంచి లేచాడు.

"కార్డు మనిషి ఏడి సార్?"

"ఇంట్లో ఉన్నాడు. బండి ఆయనదే."

"కాలు పోయింది మనిషికా, బండికా?"

బెంచీ మీదివాళ్లు నవ్వారు. పది నిమిషాల్లో వచ్చేస్తానన్నాను. తాను ఇరవై ఏళ్లు గనిలో చేశానని చెప్పి, ఆయన నెమ్మదిగా వివరించాడు.

"బొగ్గు బాయిల దిగే ప్రతి మనిషికి ఒక నంబరు బిళ్ల ఉంటది సార్. ఒకని బిళ్ల ఇంకొకడు పట్టుకపోవద్దు. రేపు కప్పు కూలితే ఎవని కోసం దేవులాడాలె? ఇంట్ల పన్నోని కోసం తవ్వుతరు, లోపలున్నోన్ని ఇడిసిపెడ్తరు."

బండి నిలిపే కార్డుకు ఇంత లెక్క ఉంటుందా అనుకుంటూనే స్కూటరును రోడ్డవతల ఎండలోకి నెట్టుకెళ్లాను. తాళం వేస్తుండగా అలాంటిదే ఇంకో స్కూటరు వచ్చింది. నడిపే పెద్దాయనకు ఒక కాలు మోకాలి దాకానే ఉంది, దానికి తాజా కట్టు. వెనక కూర్చున్న భార్య చంకకర్రలు పట్టుకుంది. నేను ఖాళీ చేసిన నీడలోనే బండి ఆగింది.

కాపలా మనిషి రోడ్డవతలికి వినపడేలా కేకేశాడు.

"సూసిండ్రా సార్? లోపలున్నోడు దొరికిండు!"