పెయింటర్ గారి మూడు పూతలు

ఊళ్లో ఏ కొట్టు పేరైనా తన చేతి మీదుగానే వెలగాలని బోర్డులు రాసే పెయింటర్ గారి గట్టి నమ్మకం. రంగులు కలపడం, గీతలు కొట్టడం, డబ్బాలు కడగడం లాంటి చిల్లర పనులన్నీ భార్యవి. "అక్షరం జోలికి మాత్రం రాకు, అది నాది" అనేవాడు మెడ నిక్కించి. ఇరవై ఏళ్లుగా ఆవిడ రాలేదు.

అంతటి చేతికి, సరిగ్గా కుంచె ఆనే చూపుడువేలి మీద, శనగగింజంత పులిపిరి మొలిచింది. కుంచె జారుతోంది, తలకట్లు వంకర పోతున్నాయి, సున్నాలు కోడిగుడ్లలా సాగుతున్నాయి. అదే సమయానికి చర్మ డాక్టరమ్మ కొత్త ఆసుపత్రి బోర్డు ఒప్పుకుని కూర్చున్నాడు. వారంలో ఇవ్వకపోతే ఆ పని ఎదురు వీధిలో కంప్యూటర్ మీద అచ్చు కొట్టేవాడికి పోతుంది.

వెళ్లి డాక్టరమ్మకే వేలు చూపించాడు. ఆవిడ చీటీ రాసి, "ఈ క్రీము పులిపిరి మీద మాత్రమే, పల్చగా, రోజుకు ఒక్కసారే రాయండి. పక్కన చర్మానికి తగలనివ్వకండి. తగ్గడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి" అంది.

"పూత వేయడం నాకు నేర్పుతారా డాక్టరమ్మా!" అని నవ్వాడు మహానుభావుడు.

ఇంటికొచ్చి ఏం చేశాడనుకున్నారు? పాత తలుపులు గీకే గరుకు కాగితంతో పులిపిరిని పరపరా రుద్దాడు. సన్న కుంచెతో ఒక పూత వేశాడు. ఫ్యాను కింద ఆరబెట్టి రెండోది వేశాడు. అంచులు కలవలేదనిపించి, చుట్టూ అరంగుళం మేర మూడోది లాగించాడు. పూతకూ పూతకూ మధ్య రోజంతా ఆరాలని, తొందరపడితే పొక్కులు లేస్తాయని ఊరందరికీ క్లాసు పీకే మనిషి!

"చీటీలో ఒక్కసారే కదండీ ఉంది?" అంది భార్య.

"నువ్వూరుకోవే, నీకేం తెలుసు!"

తెల్లారేసరికి పొక్కులు లేచాయి. కుంచె సంగతి దేవుడెరుగు, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. డాక్టరమ్మ నాలుగు చివాట్లు పెట్టి, క్రీము ఆపించి, వేలికి కట్టు కట్టింది. అది మానేదాకా కుంచె ముట్టుకోవద్దంది.

"నేను రాయనా?" అంది భార్య మెల్లగా. గత్యంతరం లేక తల ఊపాడు. దగ్గరుండి దిద్దుదామని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు గానీ, దిద్దడానికి ఏమీ దొరకలేదు. రెండు పూటల్లో బోర్డు పూర్తయింది. పరువు దక్కిందని సంతోషించాడు, ఆ వెంటనే భార్య అంత బాగా రాసినందుకు ఒళ్లు మండింది. కింద మూలన సంతకం మాత్రం తనే పెట్టాడు, ఎడమ చేత్తో.

పుండు మానాక డాక్టరమ్మ మళ్లీ క్రీము రాసుకోమంది. ఈసారి బుద్ధిగా రోజుకో పల్చటి పూత వేశాడు. రెండు నెలలకు పులిపిరి రాలిపోయింది. నున్నటి వేలు ఊరంతా తిప్పి చూపించాడు.

అంతలో మందుల కొట్టాయన ఇంటికొచ్చాడు. "మాకూ డాక్టరమ్మ బోర్డులాంటిదే కావాలండీ. ఇన్నేళ్లలో మీరంత బాగా రాయగా చూళ్లేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి."

"దానిదేముందండీ" అంటూ పెయింటర్ గారు మీసం దువ్వబోయాడు.

"కాకపోతే, ఏమనుకోకండి, కింద సంతకం ఎవరిచేత పెట్టించారు? చిన్నపిల్లాడు గీకినట్టుంది. మాకు అది వద్దు."

పెయింటర్ గారు మీసం మీది చెయ్యి దించాడు. నున్నటి వేలి వంక కాసేపు చూసుకున్నాడు. లేచి పెరట్లోకి వెళ్లి, భార్య చేతిలోని రంగు డబ్బా తీసుకున్నాడు.

"నీ కోసం వచ్చారు, వెళ్లు" అని, కూర్చుని ఆ డబ్బా కడగసాగాడు.