పడుతుంది

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో నేను ఫిజిక్స్ చెబుతాను. ఆ రోజు క్లాసులో చాక్‌పీసు పైకెత్తి, "వదిలితే కింద పడుతుంది. ఇది ప్రకృతి నియమం," అన్నాను. ముందు బెంచీలో అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, పడ్తది అంటే ఇన్ని రోజులు పడ్డదనా, రేపు సుత పడ్తదనా?"

"రెండూను."

"ఇన్ని రోజులు పడ్డది చూసినం సార్. రేపటిది ఎవరు చూసిండ్రు?"

సిలబస్‌లో లేదు, కూర్చోమని కసిరాను. జవాబు తెలిస్తే ఎందుకు కసురుతాను? రోజూ జరిగేదానికీ, రేపు జరగబోయేదానికీ మన తెలుగులో ఒకటే మాట. పదిహేనేళ్లుగా ఆ మాట చాటున దాక్కునే పాఠం చెబుతున్నానన్నమాట.

సాయంత్రం పంజాగుట్టలోని ఇంటికి మెట్రో వంతెన కిందుగా నడిచాను. రోజూ తలెత్తి చూడని వంతెనను ఆ రోజు నాలుగుసార్లు చూశాను. ఇన్నాళ్లూ పడలేదు, సరే. మరి ఇప్పుడు? నా మీద నాకే నవ్వొచ్చింది గానీ, నడక మాత్రం పరుగైంది.

ఇంటి ముందు ఓనరమ్మ ఖాళీ బిందెలు వరసగా పెడుతోంది. రొప్పుతున్న నన్ను చూసి, "ఏమైంది సారూ, నీళ్ల ఫికరా? పొద్దుగాల నల్లా వస్తది, పక్కా," అంది.

నిన్న కూడా ఇదే మాట అంది. ఇంతే పక్కాగా అంది. పొద్దున నల్లా రాలేదు.

"సరేనమ్మా, ఎలాగూ తెల్లారుతుంది కదా, చూద్దాం," అనబోయాను.

'తెల్లారుతుంది' దగ్గర ఆగి, "ఇన్నాళ్లూ అయితే తెల్లారిందమ్మా," అన్నాను.