పదకొండు గంటల దాకా అనుమతి

1954 వేసవిలో నన్ను కడప నుంచి పత్తికొండకు బదిలీ చేశారు. మద్యనిషేధ శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. కర్నూలు రాజధాని అయిన కొత్త. మద్యనిషేధం ఉంచాలా తీసేయాలా అని అక్కడ పెద్దలు వాదించుకుంటూ ఉండేవారు. ఆ వాదన తేలేదాకా వంకల్లో దాచిన సారాయి బట్టీలు వెతికి పగలగొట్టడం మా పని. ఖాకీ బట్టలు, ఒక సైకిలు, ఇద్దరు జవాన్లు ఉండేవారు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు.

ఆ శాఖలో పనిచేసినవాళ్లకు తప్ప తెలియని కష్టం ఒకటుంది. పోలీసును చూస్తే జనం భయపడతారు. తాసీల్దారును చూస్తే లేచి నిలబడతారు. మమ్మల్ని చూస్తే మాట మారుస్తారు. నేను హోటల్లో అడుగు పెట్టగానే అంతవరకూ పకపకా నవ్వుతున్నవాళ్లు ఉన్నట్టుండి వానల సంగతి ఎత్తుకునేవారు. పత్తికొండలో నేను విన్న వానల్లో సగం పడి ఉన్నా ఆ సీమకు కరువు ఉండేది కాదు.

బట్టీలు పగలగొట్టడమే కాక మాకు ఇంకో బాధ్యత ఉండేది. తాగుడు మానినవాడికి పొద్దుపోయే దారి చూపించాలని ప్రభుత్వం ఉద్దేశం. అందుకని పాత కల్లు అంగళ్లు ఉన్న ఊళ్లకు వినోద కార్యక్రమాలు మంజూరు చేసేవారు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా భజనలు, ఆటలు. ఈదులవంక అనే ఊరికి ఒక వాలీబాల్ వల కూడా వచ్చింది. నేను తనిఖీకి పోయేనాటికి ఆ వలలో పశువుల మేతకు వేరుశనగ కట్టె కట్టుకుని మోస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. అయిదింటికి ఆ ఊళ్లో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. సేద్యగాడు చేనునుంచి వచ్చి, ఎద్దులకు నీళ్లు చూపించి, సంగటి తినేసరికి బాగా చీకటి పడుతుంది. ఆ వేళలు పెట్టినవాళ్లు తాము కచేరీ నుంచి ఇంటికి పోయే వేళను బట్టి పెట్టినట్టున్నారు.

ఆ ఊళ్లో ఉరుకుందప్ప అని, పూర్వం కల్లు అంగడి నడిపినాయన, అదే కొట్టంలో టీ అంగడి పెట్టుకున్నాడు. రాత్రి పదకొండు దాకా అంగడి తీసి ఉంచడానికీ, అక్కడ నలుగురూ చేరి తత్వాలు పాడుకోవడానికీ అనుమతి కోరుతూ అర్జీ పెట్టాడు. అలాంటి చోటికి తాసీల్దారు లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఇచ్చే ముందు పోలీసులు ఒక రిపోర్టు, పాత కల్లు అంగడి కాబట్టి మా శాఖ ఒక రిపోర్టు పంపాలి. ఎనిమిదింటికి మూసేయాలని పోలీసులు రాశారు. అలాంటి చోట రాత్రిపూట గుంపు చేరితే అది దేనికోసమో వేరే చెప్పనక్కరలేదని వాళ్ల అభిప్రాయం. నేను విచారణకు పోయి, రాత్రిపూట గుంపు దేనికని ఉరుకుందప్పను అడిగాను.

"నా అంగడికి కల్లు కోసరమే వస్తిరి అనుకుంటిరా సామీ? నలుగురితో కూర్చోను వస్తిరి. కల్లు పాయ, పోనీ. కూర్చునేది గూడా పాయ గదా," అన్నాడు.

అద్దెగదిలో లాంతరు ముందు ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఆ మాట తగలక ఏమవుతుంది? అభ్యంతరం లేదని రాశాను. తాసీల్దారు నిదానస్తుడు. రెండు రిపోర్టులూ చూసి, మూడు నెలల గడువుతో తాత్కాలిక లైసెన్సు ఇచ్చాడు. పెట్రోమాక్సు దీపం వెలుగుతూ ఉండాలి, పేకాట కూడదు. మద్యనిషేధ సబ్ ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చి, అక్కడ పాటలే జరుగుతున్నాయని స్వయంగా చూసి రాయాలి. అలా రాస్తేనే పొడిగింపు, లేకపోతే ఎనిమిదింటికి మూత.

చిక్కంతా ఆ చివరి షరతుతోనే వచ్చింది. నేను పోతే వాళ్లు పాడరు.

బజారప్ప అని ఆ ఊరి సేద్యగాడు. ఆయన తంబూర తీసుకుని తత్వం ఎత్తుకుంటే పక్క పల్లెల వాళ్లు కూడా నడిచి వచ్చేవారట. మొదటిసారి తనిఖీకి పోయినప్పుడు ఊరి బయటికే తాళాల చప్పుడు వినపడింది. మా నాన్న తత్వాలు పాడేవాడు. ఆయన పోయాక ఆ చప్పుడు వినడం మళ్లీ అప్పుడే. ప్రాణం లేచొచ్చినట్టయింది. గబగబా తొక్కి అంగడి ముందు దిగేసరికి తంబూర గోడకు ఆనించి ఉంది. అందరూ చేతులు కట్టుకుని వానల సంగతి మాట్లాడుకుంటున్నారు.

పాడండప్పా అన్నాను. నవ్వారు. బతిమాలాను. టీ ఇచ్చారు. ఇంకోసారి ఖాకీ విప్పి పంచె కట్టుకుని పోయాను. అప్పుడూ టీయే ఇచ్చారు, కాకపోతే చక్కెర ఎక్కువ వేశారు. చివరికి ఉరుకుందప్ప పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు.

"తత్వాల్లో కల్లు మాట వస్తాది సామీ. గురువు పోస్తే తాగితి అంటారు, మత్తెక్కె అంటారు. అది జ్ఞానమేలే. అయినా మీరు కల్లు బందు చేసే ఇలాకా వాళ్లు గదా, మీ ముందర నోరెట్లా వస్తాది?"

మా చట్టం కుండలో ఉన్నదాన్నే పట్టుకుంటుంది, పాటలో ఉన్నదాన్ని కాదని అందరికీ విడమరిచి చెప్పాను. సరే సామీ అన్నారు. పాడలేదు.

చాటున నిలబడి వినొచ్చు కదా అని మీరు అడగవచ్చు. చాటున నిలబడడం నా ఉద్యోగం. సారాయి కాచేవాళ్ల కోసం పొంచి ఉన్నట్టే పాడేవాళ్ల కోసం పొంచి ఉండడానికి నాకు మనసొప్పలేదు. పైగా ఒక్కసారి ఎవరి కంటనైనా పడితే ఆ అంగట్లో ఇంకెవరూ గొంతెత్తరు.

గడువు నిండింది. తాసీల్దారు ఈదులవంక చావడిలో విచారణ పెట్టాడు. పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న సబబైనదే. ఇన్నిసార్లు తనిఖీ చేసిన అధికారి ఒక్కసారైనా పాట విన్నాడా? వినలేదన్నాను. విన్నానంటే ఒక్క మాటతో పోయేదే, కాని చూడనిది చూశానని రాసే అలవాటు నాకు లేదు. మరి రాత్రి పదకొండు దాకా అక్కడ ఏం జరుగుతున్నట్టు అన్నాడాయన. 

అప్పుడు ఆడవాళ్లు నిలబడ్డ వైపు నుంచి ఒకామె ముందుకు వచ్చింది. బజారప్ప భార్య లింగమ్మ. ఏం చెబుతావమ్మా అని తాసీల్దారు అడిగాడు.

"పాట దినామూ నేను ఇంటాండా సామీ. కల్లు బందయినాక ఈయప్ప రాత్రయితే వంకలోకి సారాయికి పోతాండె. యాడ పడినాడో, పామో పురుగో ముట్టిందో అని నేను వాకిట్లో కూర్చొని చూస్తాంటి. ఇప్పుడు అంగట్లో కూర్చొని పాడతాడు. నా ఇంటికాడికి గొంతు ఇనపడతాది. గొంతు తడబడకుండా వస్తాండాదంటే తాగలేదని నాకు తెలుస్తాది. పదం అయిపోకముందే నిద్ర పోతా. ఎనిమిదికి మూపిచ్చినారంటే మళ్లా నాకు వాకిలే గతి."

 మీ శాఖకు ఈ సాక్ష్యం చాలునా అని తాసీల్దారు నన్ను అడిగాడు. మా రిపోర్టుల్లో 'స్వయంగా చూసినది' అనీ, 'విచారణలో తెలిసినది' అనీ రెండు ఉంటాయి. విలువ మొదటిదానికే. నేను లింగమ్మ మాటలు రెండోదాని కింద రాసి, ఈ విషయంలో ఇదే ఎక్కువ నమ్మదగినదని కలిపాను. ఆ గొంతు తాగిందో లేదో తేల్చడానికి నాకన్నా ఆమెకే అర్హత ఉంది. పోలీసాయన కూడా అడ్డు చెప్పలేదు. లైసెన్సు ఏడాదికి పొడిగించారు. నా తనిఖీ షరతు తీసేయమని నేనే అడిగాను, తాసీల్దారు తీసేశాడు.

దాంతో ఆ అంగడికి పోవడానికి నాకున్న ఒక్క సాకూ పోయింది. ఎందుకడిగానురా అని ఆ తర్వాత చాలా సాయంత్రాలు అనుకున్నాను. పత్తికొండ గదిలో అన్నం ముందు కూర్చుని, ఈపాటికి బజారప్ప శ్రుతి చూసుకుంటూ ఉంటాడు అనుకునేవాణ్ణి. నా బతుకులో ఇంకే పాటకచేరీకీ అంతగా ఎదురుచూడలేదు.

ఏడాది తిరక్కుండానే మళ్లీ కడపకు బదిలీ అయింది. చెప్పి వద్దామని ఈదులవంకకు పోయాను. అందరూ లేచి నిలబడ్డారు. టీ ఇచ్చారు. లింగమ్మ వేయించిన వేరుశనగ విత్తనాలు మూట కట్టి పంపింది. నేను బజారప్ప చేతులు పట్టుకుని, ఒక్క పదం పాడప్పా, రేపటినుంచి నేను ఈ సీమలోనే ఉండను అన్నాను. ఆయన తంబూర ఒళ్లోకి తీసుకున్నాడు. తీగ మీటాడు. గొంతు సవరించుకున్నాడు. నావైపు చూసి తల వంచుకున్నాడు.

"భయం గాదు సామీ. మీరుంటే రాదు, అంతే," అన్నాడు.

సెలవు తీసుకుని సైకిలెక్కాను. ఊరు దాటి కొంత దూరం పోయాక వెనకనుంచి గొంతు లేచింది. నిండు గొంతు. మాటలు అందలేదు, రాగం అందింది. వెనక్కి పోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పోతే ఆగిపోతుంది. సైకిలు దిగి, నడిపించుకుంటూ, వినపడినంత దూరం మెల్లగా పోయాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో లైసెన్సుల మీద రిపోర్టులు రాశాను. ఈదులవంకలో నేర్చుకున్నది ఒకటే. అధికారి ఒక చోటు తెరిపించగలడు గాని, అందులో కూర్చోలేడు. తన చేతిమీదుగా నిలబడ్డ చోటికి దూరంగా ఉండడం కూడా అతని పనిలో భాగమే. శాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఈ మాట చెబితే, అదేమంత కష్టం సార్ అనేవారు.