అమెరికా అడుగులు తుడిచిన అత్త

"అత్తా, ఆ చెక్కను ముట్టకు."

"నాకేం పని బిడ్డా దానితోని? నువ్వు పోయి తానం చెయ్యి."

ఆ రోజు మా ఇద్దరి మధ్య నిమ్మళంగా నడిచిన చివరి మాటలు ఇవే. రమ్య తానం ముగించి వచ్చేలోపు నేను అమెరికాలో పాతకాలపు మనుషుల జాడ లేకుండా చేశాను. మీరు నవ్వుతారు. నవ్వండి, కానీ అప్పుడు నాకు చెమటలు పట్టాయి.

రమ్య మా తమ్ముని బిడ్డ. గోదావరిఖనిలో నా దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. వేల ఏళ్ల కిందట అమెరికాలో మనుషులు చెరువు బురదలో నడిచారట, వాళ్లు అక్కడ తిరిగారనడానికి ఆ అడుగులే సాక్ష్యమట. అలాంటివే చెక్క మీద మట్టి పరిచి, తన కాళ్లతో వేసి, గడప దగ్గర ఆరబెట్టింది. ఆ పూట సారుకు చూపించకపోతే మార్కులు లేవు, ఏడాది పోయినట్టే.

నేనేమో ఇల్లు తుడుస్తున్నాను. మా ఆయన బతికి ఉన్నన్నాళ్లు బొగ్గు గనిలో డ్యూటీ దిగి వస్తే గడప నుంచి పొయ్యి దాకా నల్లటి అడుగులే. తుడిచీ తుడిచీ, అడుగు కనబడితే చాలు, నన్నడగకుండానే చెయ్యి కదులుతుంది. ఆయన పోయినా చేతికి ఆ సంగతి తెలియదు. తడిగుడ్డ ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు. చెక్క అద్దంలా అయింది.

"అత్తా, ఏం జేసినవే?"

"తుడిసిన."

రమ్య ముఖం సున్నం కొట్టిన గోడలా మారింది. బయట ఆటో హారన్. "జల్ది రాండ్రి, నాకు వేరే కిరాయి ఉన్నది" అని డ్రైవర్ అరుపు.

"నీ కాళ్లు పెట్టు బిడ్డా."

"బూట్లు ఏసుకున్న. విప్పి, కడుక్కునేసరికి ఆటో పోతది. నువ్వే తొక్కు."

పెరట్లో మట్టి పిసికి, చెక్క మీద పరిచి తొక్కాను. పచ్చి చెక్కను చెరో కొస పట్టుకుని, పసిపిల్లను దవాఖానకు తీసుకెళ్తున్నట్టు ఊపిరి బిగబట్టి ఆటోలో కూర్చున్నాం.

కాలేజీలో సారు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ మడమకు గిన్ని పగుళ్లేంది?"

"అప్పుడక్కడ మస్తు సలి, సార్" అంది రమ్య.

సారు తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగాడు. చీర కుచ్చిళ్లు కిందికి లాగాను. అందలేదు. మడమలకు మట్టి ఇంకా అంటుకునే ఉంది.

"అక్కా, అమెరికా నుంచి ఎప్పుడొచ్చినవు?"

"ఇప్పుడే సార్, ఆటోల."

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి మార్కులు వేశాడు.

నా కాళ్ల మీద ఒట్టు పెట్టి చెప్తున్నాను: ఇకమీదట ఎవరి అడుగైనా సరే, అది ఏ కాలందో, ఏ దేశందో అడిగి తెలుసుకోనిదే గుడ్డ ఎత్తను. రమ్యా, నవ్వింది చాలు. నేను చెప్పినట్టే రాసినవా? ఏదీ, మొదటి నుంచి సదివి ఇనిపియ్యి.